జ్ఞాపకం పుట్టే చోట మూర్ఛ



1960ల నాటి సంగతి. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో గ్రాహమ్ గొడార్డ్ అనే శాస్త్రవేత్త ఎలుకలు ఎలా నేర్చుకుంటాయో పరిశీలిస్తున్నారు. మెదడు లోపల అమిగ్డాలా అని ఒక చిన్న భాగం ఉంటుంది. భయం వంటి ఉద్వేగాలతో దానికి దగ్గర సంబంధం. ఎలుక ఏదైనా నేర్చుకునేటప్పుడు ఆ భాగాన్ని కరెంటుతో కదిలిస్తే ఏమవుతుందన్నది గొడార్డ్ ప్రశ్న. సన్నటి తీగను ఎలుక మెదడులో అమర్చి, రోజుకు ఒకసారి, అతి కొద్దిగా కరెంటు ఇచ్చేవారు. మొదటి రోజు ఏమీ కాలేదు. రెండో రోజూ ఏమీ కాలేదు. కొద్ది రోజులకు ఎలుక ముఖం అదరడం మొదలైంది. ఆ తర్వాత తల ఊగింది. రెండు వారాలు దాటేసరికి ముందరి కాళ్లు కొట్టుకుంటూ, వెనక కాళ్ల మీద లేచి, దబ్బున పడిపోయింది. పూర్తిస్థాయి ఫిట్స్.

కరెంటు మొదటి రోజు ఎంతో, ఆ రోజూ అంతే.

అంటే ఈ మధ్యలో మారింది ఎలుక మెదడే. అలా మారినది మారినట్టే ఉండిపోయింది కూడా. వారాల తరబడి కరెంటు మానేసి మళ్లీ ఇచ్చినా ఆ ఎలుకకు ఫిట్స్ వచ్చేవి. 1967లో గొడార్డ్ ఈ సంగతిని నేచర్ పత్రికలో చిన్న వ్యాసంగా ప్రకటించారు. 1969లో ఇద్దరు సహచరులతో కలిసి వివరంగా రాశారు. ఈ ప్రయోగ పద్ధతికి కిండ్లింగ్ అనే పేరు స్థిరపడింది. నేర్చుకోవడం గురించి వెతకబోయిన మనిషికి మూర్ఛ ఎదురైంది. ఇంకొకరైతే ప్రయోగం చెడిపోయిందనుకుని తీగలు పీకేసేవారేమో. గొడార్డ్ మాత్రం ఈ రెండూ ఒకే కోవకు చెందినవా అని అడిగారు. రోజూ కొంచెం కొంచెంగా పాఠం చెబితే మెదడుకు పాఠం వచ్చినట్టే, రోజూ కొంచెం కొంచెంగా కరెంటు తగిలితే మెదడుకు మూర్ఛ కూడా అలవాటవుతుందా?

గత అరవై ఏళ్లలో నాడీశాస్త్రం ఈ ప్రశ్నకు చాలావరకు జవాబు చెప్పింది. ఆ జవాబు తెలిస్తే మూర్ఛ జబ్బును చూసే మన కన్ను మారుతుంది.

ముందు జబ్బు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛ వ్యాధి ఉంది. మన దేశంలోనే కోటి మందికి పైగా ఉంటారని అంచనా. ఫిట్స్ అనగానే మనకు గుర్తొచ్చేది కాళ్లూ చేతులూ కొట్టుకోవడం, నోటివెంట నురగ, చుట్టూ మూగి చేతిలో తాళాలగుత్తి పెట్టే జనం. కానీ పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించే ఒక రకం అలా ఉండదు. కడుపులోంచి ఏదో పైకి ఎగదన్నినట్టు అనిపిస్తుంది. ఈ చోటు, ఈ మాట, అంతా ఇంతకుముందే జరిగిందన్న భావం కమ్ముకుంటుంది. ఆ తర్వాత మనిషి చూపు నిలిచిపోతుంది. పెదవులు చప్పరిస్తూ, చొక్కా గుండీలు తడుముతూ ఒకటి రెండు నిమిషాలు అలాగే ఉండిపోతారు. పిలిస్తే పలకరు. తేరుకున్నాక అడిగితే ఏమీ గుర్తుండదు. ఇంట్లోవాళ్లు దీన్ని పరధ్యానం అనుకుంటారు. ఊళ్లో గాలి సోకిందంటారు. ఇలా ఏళ్లకు ఏళ్లు గడిచిపోయిన కుటుంబాలు ఎన్నో. ఇదీ మూర్ఛే. మెదడులో కణతల వైపు ఉండే టెంపొరల్ భాగంలో పుట్టే మూర్ఛ. చాలామందిలో దీని మూలం హిప్పోకాంపస్ అనే చోట ఉంటుంది.

హిప్పోకాంపస్ మనకు రెండు. చెవి దగ్గర నుంచి సూటిగా లోపలికి వెళితే కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. వేలెడు పొడవు కూడా ఉండవు. 1880లో విల్హెల్మ్ సొమ్మర్ అనే జర్మన్ వైద్యుడు మూర్ఛతో బతికి చనిపోయిన వారి మెదళ్ల వివరాలు తొంభై దాకా పోగుచేసి చూశారు. పలువురిలో హిప్పోకాంపస్ ముడుచుకుని, గట్టిపడి ఉంది. అందులోనూ ఒక ప్రత్యేకమైన ప్రాంతంలో నాడీకణాలు చచ్చిపోయి ఉన్నాయి. ఈనాడు ఎంఆర్ఐ తీసి డాక్టర్లు చెప్పే హిప్పోకాంపల్ స్క్లెరోసిస్ అదే. దెబ్బతిన్న హిప్పోకాంపస్ వల్ల మూర్ఛ వచ్చిందా, మూర్ఛ వచ్చి వచ్చి హిప్పోకాంపస్ దెబ్బతిందా అన్న వాదన ఆనాడే మొదలైంది. రెండూ నిజమేనని చెప్పే ఆధారాలు ఆ తర్వాత వచ్చాయి.

అయితే ఇంత చిన్న భాగం అసలు చేసే పనేమిటి? దానికి జవాబు చెప్పింది ఒక మూర్ఛ రోగి జీవితం. ఆయన పేరు హెన్రీ మొలైసన్. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో 1926లో పుట్టారు. పదేళ్ల వయసులో చిన్నపాటి ఫిట్స్ మొదలయ్యాయి, పదిహేనో ఏట పెద్దవి. మందులు పనిచేయలేదు. 27 ఏళ్ల వయసులో, 1953లో, హార్ట్‌ఫర్డ్ నగరంలో విలియం స్కోవిల్ అనే సర్జన్ ఆయనకు ఆపరేషన్ చేసి, రెండు వైపులా హిప్పోకాంపస్‌లో చాలా భాగాన్ని, దాని చుట్టుపక్కల భాగాలతో సహా తీసేశారు. ఫిట్స్ బాగా తగ్గాయి. కానీ ఆ రోజు నుంచి మొలైసన్‌కు కొత్త జ్ఞాపకం ఏదీ నిలవలేదు. ఇప్పుడే పరిచయమైన మనిషి గదిలోంచి బయటికి వెళ్లి తిరిగివస్తే మళ్లీ కొత్త మనిషే. తిన్న భోజనం గుర్తుండదు. చిన్ననాటి సంగతులు మాత్రం చెప్పగలరు. తెలివితేటలు తగ్గలేదు.

మాంట్రియల్ నుంచి బ్రెండా మిల్నర్ అనే యువ శాస్త్రవేత్త వచ్చి ఆయనను పరీక్షించారు. ఒక పరీక్షలో నక్షత్రం బొమ్మను అద్దంలో మాత్రమే చూస్తూ, గీతల మధ్య పెన్సిలుతో గీయాలి. చేసి చూస్తే తెలుస్తుంది, చెయ్యి అసలు మాట వినదు. మొలైసన్ మూడు రోజులు సాధన చేసి చక్కగా గీయగలిగారు. కానీ ప్రతిసారీ తానిది మొదటిసారి చేస్తున్నాననే అనుకున్నారు. చేతికి పట్టుబడిన నేర్పు వేరు, మనసులో నిలిచే సంఘటన వేరు అని, రెండోదానికి హిప్పోకాంపస్ తప్పనిసరి అని లోకానికి తెలిసింది ఇలాగే. 1957లో స్కోవిల్, మిల్నర్ కలిసి రాసిన పత్రం నాడీశాస్త్రంలో అత్యధికంగా చదివినవాటిలో ఒకటి. 2008లో 82వ ఏట చనిపోయేదాకా మొలైసన్ పరీక్షలకు కూర్చుంటూనే ఉన్నారు. తన వల్ల ఎవరికైనా మేలు జరిగితే మంచిదేనని ఆయన అనుకునేవారట. ఈ శాస్త్రం ఆయనకు ఎంత రుణపడిందో చెప్పడానికి మాటలు చాలవు.

మిల్నర్ పనిచేసిన మాంట్రియల్ సంస్థకు మన దక్షిణాదితో నేరుగా ఒక సంబంధం ఉంది. దాన్ని స్థాపించిన వైల్డర్ పెన్‌ఫీల్డ్ దగ్గర శిక్షణ పొందిన జేకబ్ చాందీ, 1949లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో దేశంలోనే మొదటి న్యూరోసర్జరీ విభాగం పెట్టారు. 1952లో మూర్ఛకు అక్కడ ఆపరేషన్ చేశారు. మొలైసన్ ఆపరేషన్‌కు ఏడాది ముందు.

మళ్లీ జ్ఞాపకం దగ్గరికి వద్దాం. ఒక సంఘటన మెదడులో నిలవాలంటే లోపల ఏదో ఒకటి మారాలి. 1949లో డొనాల్డ్ హెబ్ అనే కెనడా శాస్త్రవేత్త ఒక ఊహ చేశారు. ఆయనే బ్రెండా మిల్నర్‌కు గురువు. ఒక నాడీకణం ఇంకొక కణాన్ని పదేపదే ఉత్తేజపరిస్తే ఆ రెండింటి మధ్య బంధం గట్టిపడుతుందని, నేర్చుకోవడమంటే అదేనని ఆయన ఊహ. ఒక కణం ఇంకొక కణానికి కబురు అందించే చోటును సినాప్స్ అంటారు. సినాప్స్ బలం అనుభవాన్నిబట్టి పెరగడం, తగ్గడం, ఇదే సినాప్టిక్ ప్లాస్టిసిటీ.

ఊహకు రుజువు ఆస్లోలో దొరికింది. 1966లో టెర్యె లోమో అనే నార్వే యువకుడు కుందేళ్ల హిప్పోకాంపస్‌లో కొలతలు తీస్తూ ఒక విచిత్రం గమనించారు. నాడీతంతువులకు కొన్ని క్షణాలపాటు వేగంగా వరస కరెంటు దెబ్బలు ఇస్తే, ఆ తర్వాత గంటల తరబడి ఆ సినాప్స్‌లు మామూలుకన్నా బలంగా స్పందిస్తున్నాయి. తర్వాత ఇంగ్లండు నుంచి వచ్చిన టిమ్ బ్లిస్‌తో కలిసి ఆయన ఈ పనిని పూర్తిచేశారు. 1973లో వాళ్ల పత్రం వెలువడింది. దీన్ని దీర్ఘకాలిక బలోపేతం అనవచ్చు. శాస్త్రవేత్తలు పొట్టిగా ఎల్‌టీపీ అంటారు.

ఇది జరిగే తీరు చాలా అందంగా ఉంటుంది. కబురు పంపే కణం గ్లుటమేట్ అనే రసాయనాన్ని వదులుతుంది. అందుకునే కణం మీద గ్లుటమేట్ కోసం రెండు రకాల గ్రాహకాలుంటాయి. ఒకటి ఆంపా గ్రాహకం. గ్లుటమేట్ తగలగానే తెరుచుకుంటుంది, రోజువారీ పని అదే చూసుకుంటుంది. రెండోది ఎన్‌ఎండీఏ గ్రాహకం. దాని దారికి అడ్డంగా ఒక మెగ్నీషియం అయాన్ కూర్చుని ఉంటుంది. గ్లుటమేట్ వచ్చినా అది కదలదు. అందుకునే కణం కూడా అదే సమయంలో బాగా ఉత్తేజంలో ఉంటేనే మెగ్నీషియం తప్పుకుంటుంది. అప్పుడు కాల్షియం లోపలికి వస్తుంది. ఆ కాల్షియం మొదలుపెట్టే పనుల వల్ల మరిన్ని ఆంపా గ్రాహకాలు సినాప్స్ దగ్గరికి చేరతాయి. సినాప్స్ బలపడుతుంది. ఇద్దరూ ఒకేసారి పలికితేనే బంధం గట్టిపడాలన్న హెబ్ ఊహ ఒక అణువు స్థాయిలో నిజమైంది. 1983లో గ్రాహమ్ కోలింగ్‌రిడ్జ్ ఎన్‌ఎండీఏ గ్రాహకాన్ని మూసేసే మందు ఇచ్చి ఎల్‌టీపీని ఆపగలిగారు. 1986లో రిచర్డ్ మోరిస్ అదే మందు ఎలుకలకు ఇచ్చి, నీటితొట్టెలో దాగిన మెట్టు ఎక్కడుందో అవి నేర్చుకోలేకపోతున్నాయని చూపారు. 2016లో బ్లిస్, కోలింగ్‌రిడ్జ్, మోరిస్ ముగ్గురికీ బ్రెయిన్ ప్రైజ్ వచ్చింది.

ఇక్కడే మూర్ఛ మళ్లీ ఎదురవుతుంది. ఆస్లోలో కుందేళ్లకు ఇచ్చిన వరస దెబ్బలను ఇంకాస్త పెంచితే, దెబ్బలు ఆగిపోయాక కూడా కణాలు తమంతట తామే పలుకుతూ పోతాయి. అది మూర్ఛకు తొలిమెట్టు. 1980ల చివర అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ మెక్‌నమారా బృందం ఎలుకలకు ఎన్‌ఎండీఏ గ్రాహకాలను మూసే మందు ఇస్తూ కిండ్లింగ్ చేసింది. మూర్ఛ ముదరడం నెమ్మదించింది. గొడార్డ్ అడిగిన ప్రశ్నకు ఇది చాలా దగ్గరి జవాబు. జ్ఞాపకం ఏ తలుపులోంచి వస్తుందో మూర్ఛ కూడా ఆ తలుపులోంచే లోపలికి వస్తోంది.

మరి అందరికీ మూర్ఛ ఎందుకు రాదు? రోజంతా నేర్చుకుంటూనే ఉంటాం కదా. ఎందుకంటే హిప్పోకాంపస్ ముఖద్వారంలో డెంటేట్ గైరస్ అని ఒక భాగం ఉంది. అది చెరువుకు తూము లాంటిది. బయటి మెదడు నుంచి ఎంత వరద వచ్చినా కొలతగానే లోపలికి వదులుతుంది. ఆ తూము దగ్గర కాపలా ఉండే నీరటి ఎవరంటే, గాబా అనే రసాయనాన్ని వదిలే నిరోధక కణాలు. ఉత్తేజం పెరగగానే ఇవి అడ్డుపడతాయి. దీర్ఘమైన ఫిట్స్, తల దెబ్బలు, కొన్ని ఇన్‌ఫెక్షన్లు ఈ చుట్టుపక్కల ఉన్న నాడీకణాలను చంపుతాయి. నిరోధక కణాల్లోనూ కొన్ని పోతాయి. అంతటితో ఆగదు. డెంటేట్ గైరస్‌లోని కణాలు తమ తంతువులను ముందుకు పంపవలసింది పోయి, ఖాళీ అయిన చోట్లను వెతుక్కుంటూ వెనక్కి మళ్లించి, తమ పక్కనున్న కణాలకే తగిలిస్తాయి. పంపిన ఉత్తేజం తిరిగి తమ గుంపుకే వస్తుంది.

దీన్ని మోసీ ఫైబర్ స్ప్రౌటింగ్ అంటారు. ఈ తంతువుల చివర్లలో జింక్ ఎక్కువగా ఉంటుంది. టిమ్ రంజనం అనే పద్ధతిలో రంగు వేస్తే జింక్ ఉన్నచోట నల్లగా కనిపిస్తుంది. 1980ల మధ్యలో విక్టర్ నాడ్లర్ ప్రయోగశాల ఎలుకల్లో ఈ నల్లటి పట్టీని చూపింది. 1989లో థామస్ సుటులా, సహచరులు మూర్ఛకు ఆపరేషన్ చేసి తీసిన మనుషుల హిప్పోకాంపస్‌లకు అదే రంగు వేశారు. అక్కడా అదే పట్టీ, ఉండకూడని చోట. అంటే ఇక్కడ మారింది సినాప్స్ బలం ఒక్కటే కాదు, తీగల అమరికే మారిపోయింది.

అయితే ఇది కథకు చివరి మాట అనుకోకూడదు. రాపమైసిన్ అనే మందుతో చిట్టెలుకల్లో ఈ స్ప్రౌటింగ్‌ను బాగా అణచివేసి చూశారు, స్టాన్‌ఫర్డ్‌లో పాల్ బక్‌మాస్టర్. ఫిట్స్ తగ్గలేదు. అంటే ఆ నల్ల పట్టీ ఒక్కటే మూర్ఛకు కారణం కాదు. కణాల మరణం, నిరోధం తగ్గడం, సినాప్స్‌లు మితిమీరి బలపడడం, అన్నీ కలిసి పనిచేస్తున్నాయి. నచ్చిన సిద్ధాంతాన్ని కూడా ఇలా నిలదీయగలగడమే ఈ రంగంలో నమ్మకం కలిగించే విషయం.

మన పక్కనే, బెంగళూరులో, ఈ శాస్త్రానికి చేర్చిన ఒక అధ్యాయం గురించి తెలుగువారికి పెద్దగా తెలియదు. తలమీద వేడినీళ్లు పోసుకుంటుంటే ఫిట్స్ వచ్చే ఒక రకం మూర్ఛ ఉంది. దక్షిణ కర్ణాటకలో ఎక్కువగా కనిపిస్తుంది. ఆవిర్లు వచ్చే నీళ్లు చెంబు తర్వాత చెంబు గబగబా నెత్తిన గుమ్మరించుకునే అలవాటు మన ఇళ్లలోనూ ఉన్నదే. 1988లో బెంగళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రి వైద్యులు పి. సతీశ్‌చంద్ర, సహచరులు ఇలాంటి 279 మంది వివరాలు ప్రచురించారు. ఆ తర్వాత ఎలుకల తలమీద వేడినీటి ధారతో, మధ్యమధ్య విరామం ఇస్తూ, మళ్లీ మళ్లీ ఫిట్స్ తెప్పించి చూశారు. సారి సారికీ తక్కువ వేడికే ఫిట్స్ వచ్చాయి, ఎక్కువసేపు ఉన్నాయి. వాటి హిప్పోకాంపస్‌లకు టిమ్ రంజనం వేస్తే మోసీ తంతువులు దారి తప్పి మొలకెత్తి ఉన్నాయి. 2006లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో ఆ ఫలితాలు వచ్చాయి. గొడార్డ్ కరెంటుతో చూసినదాన్ని వీళ్లు వేడినీళ్లతో చూశారు. ఈ రకం మూర్ఛ ఉన్నవారిలో చాలామందికి గోరువెచ్చటి నీళ్లతో తలస్నానం చేయడం, అవసరమైతే డాక్టరు చెప్పిన మాత్ర స్నానానికి ముందు వేసుకోవడం సరిపోతుంది.

ప్రకృతి కూడా ఒకసారి ఇలాంటి ప్రయోగమే చేసింది. చాలా క్రూరంగా. 1987 చివర్లో కెనడాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవి నుంచి వచ్చిన ఆల్చిప్పల మాంసం తిన్నవారు వాంతులతో ఆసుపత్రులకు చేరారు. నూరుమందికి పైగా జబ్బుపడ్డారు. కొందరికి ఫిట్స్ వచ్చాయి. కొందరు కోమాలోకి వెళ్లారు. కొందరు చనిపోయారు. బతికినవారిలో కొందరికి కొత్త జ్ఞాపకాలు నిలవడం మానేశాయి. సముద్రంలోని ఒక సూక్ష్మమైన నాచు తయారుచేసే డొమోయిక్ ఆమ్లం ఆల్చిప్పల్లో పేరుకుపోయింది. అది గ్లుటమేట్‌ను పోలిన విషం. గ్రాహకాలను తెరిచి, మూయనివ్వదు. చనిపోయినవారి మెదళ్లలో ఎక్కువగా దెబ్బతిన్నవి హిప్పోకాంపస్, అమిగ్డాలా. 84 ఏళ్ల వృద్ధుడొకరు ఆ విషం నుంచి తేరుకున్నారు. మొదట్లో వచ్చిన ఫిట్స్ కొన్ని వారాల్లో ఆగిపోయాయి. ఏడాది తర్వాత టెంపొరల్ మూర్ఛ మొదలైంది. ఆయన చనిపోయాక చూస్తే రెండు హిప్పోకాంపస్‌లూ గట్టిపడి ముడుచుకుని ఉన్నాయి, సొమ్మర్ వర్ణించినట్టే.

ఆ మధ్యలో గడిచిన ఏడాది మీద మనసు పెట్టాలి. బయటికి ఏమీ కనబడదు. లోపల సినాప్స్‌లు మారుతుంటాయి, తంతువులు కొత్త దారులు పడుతుంటాయి. తలకు బలమైన దెబ్బ తగిలినవారిలో నెలలు, ఏళ్లు గడిచాక ఫిట్స్ రావడం కూడా ఇలాంటిదే. ఆ నిశ్శబ్ద కాలంలో ఆ మార్పును ఆపగలిగితే మూర్ఛ రాకుండానే నివారించవచ్చు. 1912లో ఫినోబార్బిటాల్, 1938లో ఫెనిటాయిన్, ఆ తర్వాత ఎన్నో మందులు వచ్చాయి. ఇవి ఫిట్స్‌ను ఆపుతాయి. లోపలి మార్పును ఆపుతాయన్న రుజువు లేదు. 1990లో అమెరికాలో తల దెబ్బ తగిలినవారికి ఫెనిటాయిన్ ఇచ్చి చూశారు. మొదటి వారంలో ఫిట్స్ తగ్గాయి. ఆ తర్వాత వచ్చే మూర్ఛను అది అడ్డుకోలేకపోయింది. మూర్ఛను రాకుండా చేసే మందు కోసం వెతుకులాట ఇంకా సాగుతోంది.

ఎలుకలో నిజమైనదంతా మనిషిలో నిజం కాదు. ఒక్కో ఫిట్ తర్వాతి ఫిట్‌కు దారి వేస్తుందన్నది పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఉన్న అనుమానం. కిండ్లింగ్ దానికి బలం చేకూర్చింది. కానీ 2005లో బ్రిటన్ పరిశోధకులు 1,400 మందికి పైగా రోగులతో చేసిన అధ్యయనం ఫలితాలు వేరుగా ఉన్నాయి. తొలి ఫిట్స్ రాగానే మందు మొదలుపెట్టినవారికి ఆ తర్వాతి ఒకటి రెండేళ్లలో ఫిట్స్ తగ్గాయి. అయిదేళ్లకు చూస్తే, ఆలస్యంగా మొదలుపెట్టినవారికీ వారికీ పెద్ద తేడా లేదు. అందువల్ల ఒక్క ఫిట్ రాగానే జీవితం అయిపోయిందని భయపడనక్కరలేదు. అయిదు నిమిషాలు దాటినా ఆగని ఫిట్ మాత్రం వేరు సంగతి. అది నాడీకణాలను నిజంగా చంపగలదు. క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేర్చాలి.

మూర్ఛ చికిత్సలో ఇటీవలి ప్రయత్నాల్లో మనసుకు హత్తుకునేది ఒక జలసింహానిది. కాలిఫోర్నియా తీరంలో జలసింహాలు కూడా డొమోయిక్ ఆమ్లం బారిన పడుతున్నాయి. వాటికి వచ్చే మూర్ఛ, వాటి హిప్పోకాంపస్‌లో కనిపించే నష్టం, స్ప్రౌటింగ్ మనుషుల్లో లాగే ఉంటాయి. క్రోనట్ అనే మగ జలసింహం ఫిట్స్‌తో తిండి మానేసి చిక్కిపోయింది. 2020 అక్టోబరులో శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన స్కాట్ బరబాన్ బృందం, పంది పిండం నుంచి తీసిన లేత నిరోధక కణాలను దాని హిప్పోకాంపస్‌లో నాటింది. పోయిన కాపలాను మళ్లీ నిలబెట్టాలన్నది ఆలోచన. క్రోనట్ మళ్లీ తిన్నది, బరువు పెరిగింది, తర్వాతి ఏడాదిలో ఫిట్స్ కనబడలేదు. 2022లో అమెరికాలో మందులకు లొంగని టెంపొరల్ మూర్ఛ ఉన్న మనుషుల్లో, మూలకణాల నుంచి పెంచిన నిరోధక కణాలతో ఈ ప్రయత్నం మొదలైంది. మొదట చేయించుకున్న ఇద్దరికీ ఫిట్స్ 90 శాతానికి పైగా తగ్గాయి. అవి తొలి ఫలితాలు మాత్రమే. పెద్ద సంఖ్యలో పరీక్షించి, ఏళ్లపాటు చూడాలి. అయినా హిప్పోకాంపస్‌ను తీసేయడం దగ్గర మొదలైన చికిత్స దాన్ని బాగుచేసే ప్రయత్నం దాకా వచ్చింది.

ఈ రోజుకు మన చేతిలో ఉన్నవి మందులు, ఆపరేషన్. సరైన మందు క్రమంగా వాడితే మూర్ఛ ఉన్నవారిలో 70 శాతం మంది ఫిట్స్ లేకుండా బతకవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కానీ తక్కువ ఆదాయ దేశాల్లో నాలుగింట మూడు వంతుల మందికి ఆ చికిత్సే అందడం లేదు. మన ఊళ్లలో దీనికి కారణం డబ్బు ఒక్కటే కాదు. ఆడపిల్లకు ఫిట్స్ ఉన్నాయని తెలిస్తే సంబంధాలు రావని దాచడం, పెళ్లయ్యాక అత్తవారికి తెలియకూడదని మాత్రలు మానేయడం మనకు తెలియనివి కావు. మందు హఠాత్తుగా మానితే ఫిట్స్ ఆగకుండా వచ్చే ప్రమాదం ఉంది. హిందూ వివాహ చట్టంలో మూర్ఛను పెళ్లికి అడ్డంకిగా చూపే మాటను 1999లో తొలగించారు. చట్టం మారి పాతికేళ్లు దాటింది. ఇళ్లలో ఆ మార్పు ఇంకా రావలసి ఉంది.

ఫిట్స్ వచ్చిన మనిషికి తాళాలు, ఉల్లిపాయలు అక్కరలేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తలకింద మెత్తటిది ఏదైనా ఉంచి, నోట్లో ఏమీ పెట్టకుండా, గడియారం చూస్తూ ఉండాలి. తేరుకునేదాకా పక్కనే ఉండాలి.

మందులకు లొంగని టెంపొరల్ మూర్ఛకు ఆపరేషన్ ఎంత మేలుచేస్తుందో 2001లో కెనడాలో వీబె బృందం 80 మందితో చేసిన అధ్యయనంలో తేలింది. ఏడాది తర్వాత, స్పృహ తప్పే ఫిట్స్ నుంచి బయటపడినవారు ఆపరేషన్ వర్గంలో 58 శాతం, మందుల వర్గంలో 8 శాతం. ఇప్పుడు ఎవరూ రెండు వైపులా తీయరు. మొలైసన్ అనుభవం నేర్పిన జాగ్రత్త అది. ఏ వైపు ఫిట్స్ పుడుతున్నాయో, మెదడులోని కరెంటును నమోదు చేసే ఇఇజితోనూ ఎంఆర్ఐతోనూ తేల్చుకుంటారు. జ్ఞాపకాన్ని రెండో వైపు మోయగలదో లేదో పరీక్షిస్తారు. సందేహం ఉంటే జపాన్ వైద్యుడు జున్ వాడా పేరున్న పరీక్షలో, ఒక వైపు మెదడును కొద్ది నిమిషాలు మత్తులో ఉంచి, మిగతా సగానికి బొమ్మలు, మాటలు చూపించి గుర్తున్నాయేమో అడుగుతారు. దీన్ని జ్ఞాపకశక్తి పరీక్షగా మలిచిందీ బ్రెండా మిల్నరే. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో 1995లో ఈ ఆపరేషన్ల కార్యక్రమం మొదలైంది. హైదరాబాదులోనూ ఇప్పుడు చేస్తున్నారు.

అయినా ఈ చికిత్సకు అర్హులైనవారిలో చాలామంది అక్కడికి చేరడానికి ఏళ్లు పడుతోంది. ఆలోగా చదువు ఆగిపోతుంది, ఉద్యోగం పోతుంది. అంతర్జాతీయ మూర్ఛ వ్యాధి నిపుణుల సంఘం 2010లో ఒక కొలమానం చెప్పింది. సరిగ్గా ఎంచుకున్న రెండు మందులను సరైన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే, దాన్ని మందులకు లొంగని మూర్ఛగా లెక్కించాలి. మూడో మందు, నాలుగో మందు అంటూ పదేళ్లు వేచి చూడడం కన్నా, ఆ దశలోనే పెద్ద కేంద్రానికి వెళ్లి మూర్ఛ కోసం ప్రత్యేకంగా ఎంఆర్ఐ తీయించుకుని, ఆపరేషన్ పనికొస్తుందా అని అడగవచ్చు. పనికిరాదంటే అది కూడా తెలిసినట్టే. మీ ఇంట్లోగానీ, పక్కింట్లోగానీ రెండు రకాల మాత్రలు వాడుతున్నా ఫిట్స్ వస్తున్నవారు ఉంటే, ఈ వారం డాక్టరును అడగవలసిన ప్రశ్న అదే.